గులాబీ ఫోను తాళంచెవి

జపాన్‌లోని హచినోహె చేపల రేవు పక్కన, నెలాఖరుకి మూతపడబోతున్న ‘ఉమినెకో’ కాఫీ కొట్టు. మధ్యాహ్నం. కౌంటరు మీద బిళ్ళలు వేస్తే పనిచేసే పాత గులాబీరంగు ఫోను; లోపల యజమాని భార్య, బయట బేరానికి వచ్చిన ఆవిడ.

“ఇంట్లో పెట్టుకోడానికా? దీన్నా?”

“దీన్నే, మామ్మగారూ.”

“డబ్బు మింగితేగానీ నోరు విప్పని ఫోన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా తల్లీ? మీ ఇంట్లో ఫోన్లేదా?”

“ఉంది. చేతిసంచీలో ఇంకోటుంది. అయినా ఈ గులాబీ ఫోన్లంటే ఇప్పుడు జనం పడి చస్తున్నారు. సెందైలో ఒక పళ్ళ డాక్టరుగారు హాల్లో పెట్టుకున్నారు. ఇంట్లో ఎవరు మాట్లాడాలన్నా పదియెన్ల బిళ్ళ వెయ్యాల్సిందేనట, వాళ్ళావిడతో సహా. పోగైన డబ్బుతో వేణ్ణీళ్ళ ఊటలకి వెళ్ళొస్తారట ఇద్దరూ.”

“ఆవిడ ఏమంటుంది?”

“ఏమంటుంది, నవ్వుతుంది.”

“నవ్వుతుందిలే. కొత్తగా ఉన్నప్పుడు నేనూ నవ్వాను.”

“కొంచెం ఇటు తిప్పుతారా? వెనక చూడాలి.”

“నువ్వే తిప్పుకో. బరువు. నేను తుడవడానికి తప్ప దాన్ని ముట్టుకున్నది లేదు.”

“రంగు బాగానే ఉంది. రిసీవరు దగ్గర చిన్న బీట.”

“ఎవడో తాగుబోతు పెళ్ళాంతో మాట్లాడి నేలకేసి కొట్టాడు. మా ఆయన వాడి చేత బాగుచేయించే దాకా వదల్లేదు. అంత ప్రాణం దానిమీద. పెళ్ళాం చెయ్యి విరిగినా అంత కంగారు పడేవాడు కాదు.”

“లైను ఉందా ఇంకా?”

“నెలాఖరు దాకా ఉంది. ఎవరు చేస్తారు గనక. అయినా ఇంత దూరం ఎందుకొచ్చావు? పాత సామాన్ల కొట్లలో దొరకవా ఇవి?”

“దొరుకుతాయి. ఇంటర్నెట్ వేలంపాటల్లో రోజూ వస్తుంటాయి. నేను స్వయంగా వెళ్ళి కూడా చూశాను. అకితలో ఒక మంగలి షాపు, యమగతలో ఒక సత్రం. మొరియోకలో ఒకాయన ఇంటినిండా పెట్టుకుని కూర్చున్నాడు, పావురాల్ని పెంచినట్టు. అందరూ ఇస్తామన్నారు. నేనే వద్దని వచ్చేశాను.”

“ఏం, ధర కుదరలేదా?”

“అవి కావు.”

“అవి కాకపోవడమేమిటి? అన్నీ ఒకే అచ్చులో పోసినవేగా.”

“అచ్చు ఒకటే. కానీ అవి కావు.”

“హుఁ. కాఫీ చల్లారిపోతోంది.”

“తాగుతాను. తాళంచెవి కూడా ఇస్తారుగా?”

“దేనికి తాళంచెవి? కింద డబ్బుల పెట్టెకా? అది ఖాళీ.”

“ఆ పెట్టెది కాదు. పక్కన కన్నం ఉంది చూడండి, దానిది. అది తిప్పితే మామూలు ఫోనైపోతుంది, బిళ్ళ వెయ్యక్కర్లేదు. అది లేకుండా ఇంట్లో ఏం చేసుకోను?”

“బాగానే తెలుసుకున్నావే. కొట్టుకొచ్చే వాళ్ళకి అసలలాంటిదొకటి ఉందనే తెలీదు. తెలియనిచ్చేవాడు కాదు. ఒకరికి తిప్పితే ఊరందరికీ తిప్పాలి అనేవాడు.”

“ఎక్కడుంది?”

“దాని సంగతి ఆయన్నడగాలి. మెళ్ళో తాడుకి కట్టుకుంటాడు. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యడు.”

“అయితే ఆయన్నే, కొట్టు మాస్టరుగార్ని పిలవండి.”

“పైన పడుకున్నాడు.”

“ఈ వేళప్పుడా?”

“పడుకున్నాడన్నానుగా.”

“నేనొస్తున్నానని మొన్న ఫోన్లో చెప్పాను. ఆయనుండాలని కూడా చెప్పాను.”

“ఉన్నాడు. ఎక్కడికి పోతాడు?”

“అయితే లేచే దాకా కూర్చుంటాను.”

“కూర్చో. ఎంతసేపైనా కూర్చో. నాకేం తొందర లేదు. ఇంకో కాఫీ పెట్టనా?”

“వద్దు. ఏదో ఒకటి తీసుకుంటేగానీ కూర్చోనివ్వరని ఇది తీసుకున్నాను. ఇక్కడ బోర్డుండేదిగా, ఫోనూ చిల్లరా కస్టమర్లకి మాత్రమే అని.”

“ఆ బోర్డు తీసేసి చాలా కాలమైందే. నువ్వెప్పుడు చూశావు?”

“గోడకి మేకుల గుర్తులున్నాయిగా.”

“మేకుల గుర్తుల్లో అక్షరాలు కూడా కనిపిస్తాయా?”

“ఫోను ధర చెప్పండి ముందు.”

“చెప్పు తల్లీ. ఫోన్లో కవమురా అన్నావు. కవమురాలు ఈ ఊళ్ళో లేరు.”

“అది మా ఆయన ఇంటిపేరు. నేను తనేఇచి వాళ్ళమ్మాయిని.”

“పడవ తనేఇచి.”

“మా నాన్న.”

“చినత్సు కదూ నీ పేరు. నువ్వు గుమ్మంలోకి రాగానే అనుకున్నాను. ఏం తీసుకుంటావని అడిగితే క్రీమ్ సోడా తప్ప ఏదైనా అన్నావు. అలా అనే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండాలి.”

“అంతా గుర్తుందన్నమాట. మరి ఇంతసేపూ ఆటలాడించారేం?”

“నువ్వే చెప్తావని చూశాను. ఫోను కొనుక్కుపోడానికొచ్చావో, ఇంకెందుకొచ్చావో తెలియాలిగా.”

“అయితే వినండి. ఆయన వింటే బాగుండేది, పోనీ మీరే వినండి. నేనప్పుడు చిన్నపిల్లని. అది కొత్త సంవత్సరం. పడవలన్నీ జెండాలు కట్టుకుని ఒడ్డునున్నాయి. సహకార సంఘం మూసేశారు, ఐసు ఫ్యాక్టరీ మూసేశారు, కొట్లన్నీ షట్టర్లు దించి దేవదారు కొమ్మలు కట్టేసుకున్నారు. మా నాన్న తాళ్ళమీద పేరుకున్న మంచు కొడుతూ కొడుతూ గుండె పట్టుకుని పడిపోయాడు. నేను పరిగెత్తాను. ఏ తలుపు కొట్టినా పలికే దిక్కు లేదు. ఇక్కడ దీపం కనిపించింది.”

“ఆయన పండగైనా మూసేవాడు కాదు.”

“లోపలికొచ్చి చెప్పాను. నాన్న పడిపోయాడు, అంబులెన్స్ పిలవాలి అని. మాస్టరుగారు పేపరు దించి నన్ను చూశారు. చూసి, పదియెన్లు వెయ్యి అన్నారు.”

“పిల్లలు ఊరికే ఆటపట్టించడానికి ఫోన్లు చేస్తుండేవాళ్ళప్పుడు.”

“ఆయన తరఫున మీరు చెప్పకండి.”

“సరే, చెప్పను.”

“నా దగ్గర బిళ్ళ లేదు. పండక్కి మా అత్త ఇచ్చిన కవరుంది కోటు జేబులో. అందులో ఐదువందల నోటు. అది చూపించాను. చిల్లర కావాలంటే ఏదైనా తీసుకో, ఊరికే చిల్లరివ్వం, బోర్డు చదవడం రాదా అన్నారు. నాకు కాఫీ తెలీదు, టీ తెలీదు. గోడమీద బొమ్మ ఉంది, ఆకుపచ్చగా. అది కావాలన్నాను.”

“క్రీమ్ సోడా.”

“వెంటనే చిల్లరివ్వలేదు. ముందు సరుకు, తర్వాత డబ్బు అన్నారు. ఆయన సోడా పోస్తుంటే మీరు వెనక్కి వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చారు. డబ్బా అడుగున గట్టిగా ఉందని గరిటె వేణ్ణీళ్ళలో పెట్టి మళ్ళీ తీశారు. పెట్టారు. సరిగ్గా కూర్చోలేదని మళ్ళీ సర్దారు. అంతా అయ్యాక చెర్రీ పండు పెట్టారు. ఆ చెర్రీ పెట్టింది మీరు, ఆయన కాదు.”

“నేనే.”

“ఇప్పుడైనా చెప్పండి. నేను అబద్ధమాడుతున్నానని అనుకున్నారా మీరు?”

“లేదు. నీ మొహం చూస్తేనే తెలిసింది.”

“తెలిసే చెర్రీ పెట్టారా?”

“ఆయన చూస్తున్నాడు.”

“నేనేం చేశానో తెలుసా? తాగాను. తాగకపోతే చిల్లరివ్వరేమోనని భయం. గొంతు మంటెత్తిపోతుంటే గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాను. ఇన్నేళ్ళు నన్ను తిన్నది అదే. మా నాన్న మంచులో పడి కొట్టుకుంటుంటే నేను కూర్చుని సోడా తాగాను. మా అమ్మకి కూడా చెప్పలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవాడు, అన్నాడు డాక్టరు. మా అమ్మ నావైపు చూసింది.”

“నీ తప్పేముంది అందులో.”

“లేదని నాకూ ఈమధ్యే తెలిసింది. యమగత సత్రం అన్నానే, అక్కడ. ఆ ఫోను లాంటిదొకటి ఇంట్లో పెట్టుకోవాలని ఎందుకో ఉండేది. పొద్దున్నే లేచి దానిముందు నిలబడాలని. అలా వెతుక్కుంటూ వెళ్తే ఆ సత్రం ఆవిడ తాళంచెవి చూపించింది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే బిళ్ళలకోసం ఎక్కడ వెతుకుతాం, ఇలా తిప్పేసి అంబులెన్స్‌కి చేసేసేదాన్ని అంది. అంతవరకూ నాకు తెలీదు. బిళ్ళ వేస్తే తప్ప ఆ ఫోను పలకదనే అనుకున్నాను. నియమం ఫోనుదనుకున్నాను. ఆయన మెళ్ళో వేలాడుతుందని అనుకోలేదు.”

“చెప్పిందా ఆవిడ?”

“చెప్పింది. నేను అక్కడే గుమ్మంలో కూలబడిపోయాను. ఆవిడ హడిలిపోయి నాకే అంబులెన్స్ పిలవబోయింది. అప్పట్నుంచి వేరే ఫోన్లు చూడ్డం మానేశాను. నాకు ఇదే కావాలి. ఆ తాళంచెవే కావాలి.”

“తీసుకెళ్ళి ఏం చేస్తావు? సుత్తి పెట్టి పగలగొడతావా?”

“ఎందుకు పగలగొట్టడం? ఇంట్లో పెట్టుకుంటాను. కానీ ముందు మాస్టరుగారు కిందికి రావాలి. మెళ్ళోంచి ఆ తాడు తియ్యాలి. ఆయన చేత్తో ఆయన తాళంచెవి పెట్టి నా ఎదురుగా తిప్పాలి. తిప్పి, చేసుకో అమ్మా అనాలి. అంతే. డబ్బు మీరెంతంటే అంత.”

“క్షమించమని అడగక్కర్లేదా?”

“వద్దు. అడిగితే నేను ఫరవాలేదండీ అనాల్సొస్తుంది. ఫరవా ఉంది. నేననను.”

“మంచి మాట. నాకు నచ్చింది.”

“మీకు నచ్చడానికి చెప్పలేదు.”

“నువ్వొక్కదానివే అనుకోకు చినత్సూ. నేనీ ఇంటికొచ్చిన రోజు నుంచీ మా అమ్మతో మాట్లాడాలంటే బిళ్ళ వేశాను. కొట్టు ఫోను కొట్టుదే, ఇంటిది కాదు అనేవాడు. మా అమ్మ కుషిరోలో ఆసుపత్రిలో ఉంటే మా అన్న ఆవిడ చెవి దగ్గర ఫోను పెట్టాడు. సముద్రం అవతలికి మాట్లాడితే ఎంత గబగబా మింగేస్తుందో తెలుసుగా అది. అమ్మ నా పేరు పిలుస్తోంది. ఫుకీ, ఫుకీ అంటోంది. ఏప్రన్ జేబులో బిళ్ళలైపోయాయి. గల్లా పెట్టె ముట్టుకోకూడదు. ఆయన ఇక్కడే, నువ్వు కూర్చున్నావే, ఆ స్టూలు మీదే పేపరు చదువుతున్నాడు. నేనాయన వైపు చూశాను. ఆయన పేజీ తిప్పాడు.”

“తెగిపోయిందా?”

“తెగిపోయింది. మళ్ళీ కలిసేటప్పటికి అమ్మ లేదు, మా అన్నే మాట్లాడాడు.”

“అప్పుడే పీక్కోవాల్సింది.”

“ఏమిటి?”

“తాళంచెవి. ఆయన మెళ్ళోంచి.”

“అప్పుడంత ధైర్యం లేదు.”

“ఇప్పుడొచ్చిందా?”

“ఇవాళొచ్చింది. ఇదిగో, పట్టుకో.”

“ఇది…”

“అదే. తాడుతో సహా. చెమట వాసనొస్తే ఏమనుకోకు.”

“ఆయన స్నానంలో కూడా తియ్యరన్నారు.”

“తియ్యడు.”

“మరి మీ చేతికెలా వచ్చింది?”

“కాఫీ పూర్తిగా చల్లారిపోయింది. ఇంకోటి పెడతానుండు.”

“మామ్మగారూ. ఎలా వచ్చింది?”

“నేను తీశాను.”

“ఆయన ఊరుకున్నారా?”

“ఒక చెయ్యి పనిచెయ్యట్లేదు. రెండోదాంతో పట్టుకోబోయాడు గానీ బలం చాల్లేదు.”

“ఏం జరిగింది పైన?”

“ఏం జరగలేదు. పొద్దున కొట్టు తెరుద్దామని లేచి నిలబడ్డాడు, కూలిపోయాడు. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా అర్థమైంది. అంబులెన్స్ పిలువు అన్నాడు.”

“మీరు?”

“పదియెన్లు వెయ్యి అన్నాను.”

“పొద్దున్నుంచా?”

“నీ కాఫీకి నీళ్ళు పెట్టేముందు వెళ్ళి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చూశాడు. తనేఇచి కూతురొచ్చింది, కింద కూర్చుంది, ఫోను అడుగుతోంది అని చెప్పాను. విన్నాడు. వినాలనే చెప్పాను. ఇంక నువ్వడిగింది ఏముంది, చేత్తో తిప్పడమేగా. తిప్పలేడు. కానీ అది తనకోసం తిప్పించుకోవాలని ఎంత తన్నుకులాడుతున్నాడో చూస్తే నీ కడుపు నిండుతుంది. వెళ్ళి చూసిరా. మెట్లు అటున్నాయి.”

“నన్నింతసేపు కూర్చోబెట్టింది ఇందుకా?”

“మరి దేనికనుకున్నావు? ఫోను బేరానికా? ఫోను నీకు ఊరికే ఇస్తాను. నీకు రావాల్సింది నీకిప్పించాను. మనిద్దరిదీ.”

“మనిద్దరిదీ అనకండి.”

“ఎందుకనకూడదు? ఒకే చేత్తో కొట్టాడు మనిద్దర్నీ. నేనేం పాపం చెయ్యలేదు చినత్సూ. నెట్టలేదు, కొట్టలేదు, మందు పెట్టలేదు. ఏమీ చెయ్యలేదు.”

“ఆ రోజూ మీరు ఏమీ చెయ్యలేదు.”

“ఏం చేస్తున్నావు?”

“కనిపిస్తూనే ఉందిగా. తిప్పుతున్నాను.”

“వద్దు. ఆగు. నీ నోటితో నువ్వేగా అన్నావు, క్షమించనని.”

“క్షమించడానికి చెయ్యట్లేదు. చెయ్యి తియ్యండి.”

“సంచీలో ఫోనుందన్నావు, దాన్నుంచి చేసుకో. నా కొట్టు ఫోను ముట్టుకోకు.”

“దీన్నుంచే. చెయ్యి తియ్యండి మామ్మగారూ… హలో. అంబులెన్స్ కావాలి. రేవు బజారు, ఐసు ఫ్యాక్టరీ ఎదురు సందులో ఉమినెకో కాఫీ కొట్టు. కొట్టు యజమాని తొమబెచిగారు, పెద్దాయన, మేడమీదున్నారు. పక్షవాతంలా ఉంది, నోరు పక్కకెళ్ళింది. పొద్దున పడిపోయారు. అవునండీ, పొద్దున. స్పృహ ఉందట. నేనా? కస్టమర్ని. సరే, తలుపు తీసి ఉంచుతాం.”

“అయిపోయిందా?”

“బయల్దేరారు.”

“ఇన్నేళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడ్చి, చేతికందిన వాణ్ణి బతికిస్తావా? మీ నాన్న పైనుంచి చూస్తే ఏమంటాడు?”

“మా నాన్న పేరు మీ నోట వద్దు. మాస్టరుగారు బతకాలి. ఇవాళ చచ్చిపోతే బాగానే తప్పించుకున్నట్టు. మంచం మీదైనా సరే, బతికుండాలి. నేను ఆసుపత్రికి వెళ్తాను. మానకుండా వెళ్తాను. పక్కన కుర్చీ వేసుకు కూర్చుంటాను. నీళ్ళు కావాలంటే వెంటనే ఇస్తాను. పక్కకి తిప్పమంటే వెంటనే తిప్పుతాను. ఒక్క క్షణం ఆలస్యం చెయ్యను. ఎవరిస్తున్నారో, ఎందుకు ఆలస్యం చెయ్యట్లేదో ప్రతి గుక్కకీ ఆయనకి తెలియాలి. అంతకన్నా ఘోరమైనది నాకు తట్టలేదు. తడితే అదే చేసేదాన్ని.”

“నీకెందుకా చాకిరీ. పెళ్ళాన్ని నేనున్నానుగా చూసుకోడానికి.”

“మీరుండరు.”

“ఉండకేం? నేనెక్కడికి పోతాను?”

“ఇక్కడే ఉండండి. కదలకండి.”

“మళ్ళీ ఫోను తీశావేం? ఎవరికి?”

“ఇందాకటిది ఆయనకోసం చేశాను. ఇది మీకోసం, పోలీసులకి.”